చింతపిక్కల జూదం

పేకముక్క ముట్టనని మా అమ్మకు మాట యిచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఈ సంక్రాంతికి ఆ మాట తప్పాను. తప్పమన్నది కూడా మా అమ్మే కాబట్టి అందులో దోషం లేదని సరిపెట్టుకొన్నాను గాని, ఆ తర్వాత నేను చేసిన నిర్వాకానికి మాత్రం సమాధానం దొరకలేదు. అదేమిటో ఈ వారం మీతో చెప్పుకొంటాను.

పండుగకు మా పెద్దక్కయ్య కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. వాడికి అక్కడ ఉద్యోగం, ఇల్లు, ఇల్లాలుతో పాటు నెలకో శనివారం స్నేహితులతో కూర్చుని పోకరు ఆడే అలవాటు కూడా ఉన్నది. కనుమనాడు గారెలు తిని, ఎవరి ఫోను వాళ్ళు పట్టుకొని మూలమూలలా చేరిన వేళ, వాడు పెట్టెలోంచి కొత్త పేక తీసి, "మామయ్యా, పోకరు నేర్పుతాను రండి" అన్నాడు. నేను అమ్మవంక చూశాను. ఆవిడ వత్తులు చేసుకొంటున్నది. తల ఎత్తకుండానే, "డబ్బు పెట్టకపోతే ఆడుకోండర్రా. ఆ ఫోన్లు చూస్తూ కూర్చునేకంటే నయం" అన్నది. అనడమే గాక, వామనగుంటల కోసం దాచుకొన్న చింతపిక్కల డబ్బా కూడా తెచ్చి యిచ్చింది. తలా వంద పిక్కలు. అయిపోతే అప్పు లేదు.

ఆట వినడానికి సుళువే. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. ఆపైన అందరికీ ఉమ్మడిగా మధ్యలో ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. నీ రెండూ, ఆ ఐదూ కలిపి చూసుకొని అందులో మేలైన ఐదింటితో జోడీలూ వరసలూ కట్టుకోవాలి. తెరిచినప్పుడల్లా పందెం. నచ్చనివాడు ముక్కలు పారేసి ఊరుకోవచ్చు. ఎదుటివాడి చేతిలో ఏమున్నదో తెలియదు గనుక, ఏమీ లేనివాడు కూడా ఉన్నట్టు నటించి పందెం గుంజుకుపోవచ్చు. మా రమ్మీలో ఈ నాటకానికి అంత చోటు లేదు.

గంటసేపు బాగానే ఆడాను. పిక్కలు వందకు నూట డెబ్బై అయినాయి. అప్పుడు నాకు రెండు ఆసులు వచ్చాయి, ఇస్పేటూ ఆటీనూ. ఈ ఆటలో మొదటి రెండు ముక్కలకు అంతకు మించిన యోగం లేదు. 221 సార్లు పంచితే సగటున ఒక్కసారి వస్తుందట. అందరూ పారేశారు గాని మా చిన్నవాడు మాత్రం నిలిచాడు. వాడికి పన్నెండేళ్ళు. మధ్యన తొమ్మిది, నాలుగు, జాకీ పడ్డాయి, ఆపైన రెండు. నేను నా పిక్కలన్నీ ముందుకు తోశాను. వాడు కాసేపు ఆలోచించి, నాలుక బయటపెట్టి, తనవీ తోశాడు. ముక్కలు తెరిస్తే వాడివి రెండు రాజులు. మాకు కనబడని 44 ముక్కల్లో వాణ్ణి కాపాడేవి రెండే రెండు. మేనల్లుడు ఆఖరి ముక్క తిప్పాడు. కళావరు రాజు!

వాడు "హే!" అని గంతు వేశాడు. నేను చేతిలో ముక్కలు విసిరికొట్టాను. వాడిమీదికని కాదు, నేలమీదికనే అనుకొన్నాను. ఒక ముక్క అంచు వాడి కనుబొమ్మ పక్కన గీరుకుపోయింది. కొత్త పేక అంచు చాకులా ఉంటుంది. వాడు ఏడవలేదు. చేత్తో తడుముకొని, వేలికంటిన ఎరుపు చూసుకొని, నావంక చూశాడు.

ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ వాణ్ణి లోపలికి తీసుకుపోయింది. అమ్మ వత్తులు పక్కన పెట్టి, నేలమీద పడిన ముక్కలు ఒక్కొక్కటే ఏరుతూ, "అచ్చం మీ నాన్నే" అన్నది.

మా నాన్న మాట మీకెప్పుడూ చెప్పలేదు. చెడ్డవాడు కాడు. ఊళ్ళో పదిమందికీ తలలో నాలుక. మూడు ముక్కలాట కూడా బాగా ఆడేవాడనే అందరూ అనేవారు, గెలుస్తున్నంతసేపు. ఓటమి మొదలయితే మాత్రం ఆ మనిషి వేరు. రూపాయి పోతే రెండు, రెండు పోతే నాలుగు. "పోయినదాన్ని రాబట్టుకొని లేస్తాను" అనేవాడు. అలా రాబట్టుకోబోయి రెండెకరాల మాగాణి పోగొట్టాడు. అది ఆఖరు ముక్క చేసిన పని కాదు. ఆ ముందు రాత్రి పోయిన నలభై రూపాయల మీది కోపం చేసిన పని. ఇంటికి వచ్చి పళ్ళెం విసిరేవాడు. ఆయన పోయాక అమ్మ నాచేత మాట తీసుకొన్నది. పేక ముట్టకుండా ఉంటే చాలుననుకొన్నాము ఇద్దరమూ. విసిరే చెయ్యి పేకలో ఉండదన్న సంగతి తట్టలేదు.

ఆ రాత్రి మేడమీద మేనల్లుడు నా పక్కన కూర్చుని, "ఆట మీరు తప్పు ఆడలేదు మామయ్యా" అన్నాడు. "రెండు ఆసులతో రెండు రాజులమీద మొదటినుంచీ అంతా ఒడ్డినా, ఐదింట నాలుగుసార్లు మీరే గెలుస్తారు. ఒకసారి ఓడతారు. ఇవాళ ఆ ఒకసారి. ఆ తర్వాత చేసిందే..." అని ఆగిపోయాడు. పెద్దవాణ్ణి ఏమనగలడు!

వాళ్ళ ఆటలో దీనికొక పేరున్నదట, 'టిల్టు' అని. వెనకటికి అక్కడి దుకాణాల్లో బంతి దొర్లించి ఆడే యంత్రాలుండేవి. ఆటగాడు ఓర్పు చాలక యంత్రాన్ని గట్టిగా కుదిపితే, అది 'టిల్టు' అని దీపం వెలిగించి ఆట కట్టేసేది. ఆ మాట పోకరువాళ్ళు తీసుకొన్నారు. దానికి తెలుగేమిటి మామయ్యా అని అడిగాడు. తెలుగు ఎం.ఏ. చేసినవాడు ఇలాంటి ప్రశ్నకు తడుముకోకూడదు. తిక్క అన్నాను, చాలలేదు. శివమెత్తడం అన్నాను, అదీ కాదు. చివరకు నోటికి వచ్చింది: "కలి పూనడం."

అని నేనే ఉలిక్కిపడ్డాను. నలోపాఖ్యానం పంతొమ్మిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. నన్నయగారు ఆరణ్యపర్వంలో రాశారు. శ్రీనాథుడి నైషధం పెళ్ళిముచ్చట దగ్గరే ఆగుతుంది గనుక జూదం సంగతికి భారతానికే పోవాలి. నలుణ్ణి పట్టడానికి కలి ఏళ్ళ తరబడి కాచుకొన్నాడట. పన్నెండో ఏట, నలుడు కాళ్ళు కడుక్కోకుండా సంధ్య వార్చడం చూసి, ఆ చిన్న సందులోంచి ప్రవేశించాడు. క్లాసులో పిల్లలు ఇక్కడ నవ్వుతారు. కాళ్ళు కడుక్కోకపోతే రాజ్యం పోవడమేమిటండీ అని. నేనూ నవ్వి ముందుకు పోయేవాణ్ణి. నలభై రూపాయలు పోతే రెండెకరాలు పోవడం మా యింట్లోనే జరిగిందని ఒక్కసారీ తోచలేదు.

కథలో తర్వాతి భాగం ఇంకా బాగుంటుంది. నలుడు నెలల తరబడి ఓడుతూనే ఆడాడు. దమయంతి చెప్పినా వినలేదు, పౌరులు వచ్చి గుమ్మంలో నిలబడినా వినలేదు. అంతా పోయి, రూపం కూడా పోయి, ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుతున్నాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తానిచెట్టును చూసి, రథం ఆపకుండానే దాని ఆకులూ కాయలూ లెక్క చెప్పాడు. నలుడు నమ్మక రథం దిగి, చెట్టు కొట్టి లెక్కపెట్టి చూస్తే సరిపోయింది. ఆ విద్యే అక్షహృదయం. తన అశ్వహృదయం యిచ్చి దాన్ని నేర్చుకొన్నాడు. ఆ నేర్చిన క్షణానే కలి విషం కక్కుతూ ఒంట్లోంచి బయటపడ్డాడు. తానిచెట్టే ఎందుకని అడుగుతారేమో, పూర్వం జూదపు పాచికలు తానికాయలే.

గమనించండి, నలుడికి ఎవరూ జపం చెప్పలేదు, ఉపవాసం చెప్పలేదు. లెక్క చెప్పారు. లెక్క వచ్చాక పూనకం దిగింది. ఈ కథంతా బృహదశ్వుడు ఎవరికి చెప్పాడు? అడవిలో కూర్చుని ఏడుస్తున్న ధర్మరాజుకి. కథ విని ధర్మరాజు ఏమడిగాడు? ఇక పాచిక ముట్టనన్నాడా? మళ్ళీ ఎవరైనా ఆటకు పిలుస్తారేమోనని భయంగా ఉన్నది, ఆ విద్య నాకు నేర్పమన్నాడు. నేర్చుకొన్నాడు. తర్వాత విరాటుడి కొలువులో కంకుభట్టుగా పాచికలాడింది ఆ విద్యతోనే. అక్కడ కోపం పట్టలేక పాచిక విసిరి ఎదుటివాడి మొహం నెత్తురు చేసింది విరాటుడు. దెబ్బతిని ఊరుకొన్నవాడు, ఒకప్పుడు రాజ్యం ఓడినవాడు. ఆ రాత్రి మేడమీద నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా!

మేనల్లుడు వెళ్ళిపోతూ ఒక పుస్తకం యిచ్చిపోయాడు. మరియా కొన్నికోవా అని, మాస్కోలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రచయిత్రి, మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు ఉన్న మనిషి. పేక సంగతి ఏమీ తెలియకుండా ఎరిక్ సైడెల్ అనే ఆటగాడి దగ్గర శిష్యరికం చేసింది. 2018 జనవరిలో బహామా దీవుల్లో ఒక పోటీ గెలిచి 84,600 డాలర్లు తెచ్చుకొన్నది. ఆ 2018 ప్రతిసారీ రాదనుకోండి. నాకు నచ్చింది ఆవిడ గెలుపు కాదు, గురువుగారు పెట్టిన కట్టుబాటు. 'మంచి ముక్కలుండీ ఆఖరున దురదృష్టంతో ఓడాను' అనే ఏడుపు తన దగ్గర ఏడవరాదన్నాడు. ఎలా ఆలోచించావో చెప్పు, వింటాను; ఏం పడిందో చెప్పకు. ఆయనకు ఆ మాట చెప్పే అర్హత ఉన్నది. 1988 ప్రపంచ పోటీ ఆఖరి ఆటలో జానీ చాన్ పన్నిన వలలో పడి ఓడిపోయాడు. ఓడిపోతే పోయె, పదేళ్ళ తర్వాత దాన్ని 'రౌండర్స్' అనే సినిమాలో పెట్టారు. తన తప్పును లోకమంతా తెరమీద చూస్తూండగా మనిషి ఆడుతూనే వచ్చి, 2023 నాటికి ఆ పోటీల్లో పది బిరుదులు గెలుచుకొన్నాడు. మనమైతే ఆ సినిమా ఆడే ఊరే వదిలిపోదుము.

సరే, నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. ఆదివారం సాయంత్రం గంటసేపు నేనూ, మా ఆవిడా, పిల్లలిద్దరూ చింతపిక్కలతో ఆడుతాము. ఆట అయాక రెండు మూడు చేతులు అందులో రాస్తాను. ఏ ముక్కలు వచ్చాయి, ఎదుటివారి దగ్గర ఏమున్నదనుకొన్నాను, ఎందుకు పందెం పెంచాను. గెలిచానా ఓడానా అన్నది రాయను. చాలా కష్టం సుమండీ ఇది! మొదటి వారం రాయకూడదనుకొంటూనే 'అన్యాయంగా పోయింది' అని మూడుచోట్ల రాసి కొట్టివేశాను.

ఫలితాన్ని బట్టి పనిని తూచకూడదన్నది నాకు కొత్త మాట కాదు. కాలేజీలో ఏటా చూసేదే. ఒకడు నాలుగు ప్రశ్నలు చదువుతాడు, ఆ నాలుగే వస్తాయి, ఫస్టు క్లాసు. ఇంకొకడు పుస్తకమంతా చదువుతాడు. పరీక్షనాడు నూట రెండు జ్వరం. మొదటివాడికి 'బాగా చదివావురా' అని చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. వాడు మరుసటి ఏడూ నాలుగే చదివాడు. ఆ మాటకొస్తే మా చిన్నవాడి రాజు పడినరోజు వాడు ఆడింది గొప్ప ఆటేమీ కాదు. కాని వాడు గెలిచాడు గనుక తానే మేధావిననుకొంటాడు. గెలుపు నేర్పే అబద్ధం ఓటమి నేర్పేదానికంటే తియ్యగా ఉంటుంది, అంతే తేడా.

నెల తిరిగేసరికి నాకు విసుగు పుట్టింది. కోపాన్నైనా పట్టవచ్చు గాని విసుగును పట్టడం కష్టం. చదరంగంలో నేర్చుకొన్నవాడు నేర్చుకొన్నట్టు కనపడతాడు. ఇందులో నెలల తరబడి సరిగ్గా ఆడినా పిక్కలు తరిగిపోవచ్చు; మా అమ్మాయి ఫోను చూస్తూ ఆడి డబ్బా నింపుకోవచ్చు. అభివృద్ధి ఉన్నదా లేదా కనపడదు. నోటుబుక్కు మూసేద్దామనుకొన్నాను. అప్పుడు మేనల్లుడు ఫోనులో ఒక కథ చెప్పాడు.

2017 జనవరిలో అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన 'లిబ్రటస్' అనే కంప్యూటరుతో నలుగురు ఆరితేరిన ఆటగాళ్ళు పోకరు ఆడారు. ఇరవై రోజులు, లక్షా ఇరవై వేల చేతులు. రోజూ రాత్రి ఆ నలుగురూ కూర్చుని, యంత్రం ఆటలో లోపమెక్కడున్నదా అని వెదికేవారు. పొద్దున్న వచ్చి ఆ లోపంమీద కొట్టేవారు. కాని అదే రాత్రి యంత్రం కూడా ఖాళీగా కూర్చోలేదు. వీళ్ళు పగలు తన ఆటలో ఎక్కడ బొక్కలు పట్టారో చూసుకొని, వాటిని పూడ్చుకొనేది. చివరకు 17 లక్షల 66 వేల డాలర్ల పైచిలుకు విలువగల చిప్పులు ఓడారు మనుష్యులు. అసలు డాలర్లు కావులెండి, మా చింతపిక్కల బాపతే. నాకు యంత్రం మీద ముచ్చట లేదు. దానికి నాన్న లేడు, మాగాణి లేదు. నాకు మనసుకు పట్టింది ఆ నలుగురూ. ఓడుతున్నామని తెలిసీ ఇరవై రాత్రులూ కాగితాలు ముందేసుకొని కూర్చున్నారు. నేను ఆదివారానికి రెండు చేతులు రాయలేనా?

తెలివి ఒక్కటే ఉంటే చాలుననుకొనేవాళ్ళకు స్టూ అంగర్ కథ ఉన్నది. జిన్ రమ్మీ అని, మన రమ్మీకి దూరపు చుట్టం, అందులో అతన్ని మించినవాడు లేక, ఆడేవాళ్ళే కరువై పోకరుకు వచ్చాడు. 1980, 1981, మళ్ళీ 1997లో ప్రపంచ పోటీ గెలిచాడు. సంపాదించిందంతా ఇతర పందేల్లోనూ మత్తుమందుల్లోనూ పోయింది. 1998 నవంబరులో లాస్ వేగాస్‌లో ఒక చౌక బస గదిలో చనిపోయి కనబడ్డాడు. నలభై అయిదేళ్ళు. నాకంటే ఎంతో పెద్ద కాదు.

ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో పేకాట పాఠాలేమిటని కొందరు కోప్పడవచ్చు. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి గనుక అందులో నేర్పు ఉన్నదనీ, మూడు ముక్కలాట కేవలం అదృష్టమనీ సుప్రీంకోర్టు 1967లోనే అన్నది. అది సికిందరాబాదులో ఒక క్లబ్బు మీద వచ్చిన కేసు. నేర్పు ఉన్నంత మాత్రాన పందెం మంచిదైపోదు. డబ్బు పెట్టి ఫోనులో ఆడే ఆటలను తెలంగాణా 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటే చట్టం చేసింది. మా నాన్నకు రచ్చచావిడిదాకా నడిచిపోయే ఓపిక కావలసి వచ్చేది. ఫోనుకు అదీ అక్కరలేదు. కాబట్టి నా వోటు చట్టానికే. చింతపిక్కలకు ఏ చట్టమూ అడ్డు రాదు.

మా చిన్నవాడికి నేను ఆ రాత్రే క్షమించమని చెప్పవలసింది. చెప్పలేదు. తండ్రులకు ఆ మాట నోట రాదు. రెండోరోజు రైల్లో కిటికీ పక్క సీటు వాడికి వదిలి, అది క్షమాపణ అనుకొన్నాను. కనుబొమ్మ పక్కన గీత మాత్రం మాఘమాసం దాకా కనపడుతూనే ఉన్నది. ఒక ఆదివారం నోటుబుక్కు తెరిచి, కనుమనాటి చేతిని వాడి ముందే రాశాను. ఇస్పేటు ఆసు, ఆటీను ఆసు. అంతా ఒడ్డడం సబబే. ఆపైన, 'ముక్కలు విసరడం: తప్పు. పిల్లవాడికి దెబ్బ తగిలింది' అని రాసి, పుస్తకం వాడివైపు తిప్పాను. వాడు చదివి, "తేదీ వెయ్యలేదు నాన్నా" అన్నాడు. వేశాను. నలుడి కాళ్ళ సంగతి కూడా అప్పుడే చెప్పాను, వాడూ నవ్వాడు.

మొన్న ఆదివారం వాడికి మంచి ముక్కలు పడ్డాయి. చేతిలో రెండు రాణులు, మధ్యలో మొదటి మూడింట ఇంకో రాణి. వాడి మొహం చూస్తేనే తెలిసిపోతున్నది. నటన ఇంకా రాలేదు. నేను లేచిపోవలసినవాణ్ణి, నాలుగు ఆటీనులు చేతికి వచ్చి ఐదోదానికోసం కక్కుర్తిపడి నిలిచాను. ఆఖరున ఆటీను ఏడు పడింది. డబ్బాడు పిక్కలూ నావైపు వచ్చాయి. వాడి గడ్డం వణికింది. ముక్కలు పట్టుకొన్న చెయ్యి పైకి లేచింది. అమ్మ వత్తులు చేయడం ఆపింది.

వాడు ముక్కలు బోర్లించి కిందపెట్టి, లేచి పెరట్లోకి పోయాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. కాసేపటికి తడికాళ్ళతో వచ్చి, చాపమీద నీటి అడుగులు వేసి, తన చోట కూర్చున్నాడు.

"పంచండి నాన్నా" అన్నాడు.